తొమ్మిదేళ్ళ గురక

క్షమించడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళని కొంచెం దగ్గరగా చూడాలి. వాళ్ళలో సగం మందికి క్షమించాల్సినంత అన్యాయం ఎవరూ చేసి ఉండరు. మిగతా సగం ఆ అన్యాయం చేసినవాళ్ళే అయి ఉంటారు. బూరక్కకి ఈ సంగతి ముప్పై ఒకటో ఏట తెలిసింది. తెలిసిన రోజు నుంచి నలభై నిండేదాకా ఆమె పగ పెంచింది. మాటవరసకి కాదు. వెనక గదిలో, వెడల్పు మూతి కుండలో, తడి మట్టి పోసి, రోజూ మేత వేసి మరీ పెంచింది.

ఆ ఊరికి మూడు వైపులా చిత్తడి, నాలుగో వైపు రేవు. చిత్తడి అంటే జమ్ము, ఊబి, నీళ్ళు, మళ్ళీ జమ్ము. అందులో రొదపురుగులు. ఒక్కోటి బొటనవేలంత ఉంటుంది. వీపు మీద రెండు గట్టి డిప్పలు, వాటిని ఒకదానికొకటి రాస్తే చప్పుడు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రోజు చెవులు మూసుకుంటారు, రెండో రోజు మూటా ముల్లె సర్దుకుంటారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి మాత్రం ఆ రొద ఆగితేనే గుండె ఆగినంత పనవుతుంది. ఊళ్ళో అందరూ గొంతు చించుకునే మాట్లాడతారు. గుట్టుగా ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపించాల్సిందే. ఆ ఊళ్ళో చాడీలు తక్కువ ఉండటానికి కారణం మంచితనం కాదు, సౌకర్యం లేకపోవడం.

రొదపురుగు గుణం ఒకటే. గుడ్డు పగిలి బయటికొచ్చే ఘడియలో అది ఏ చప్పుడు వింటే అదే దాని కూత. మళ్ళీ మారదు. ఏ చప్పుడూ వినపడకపోతే తల్లిదండ్రుల కూతే పిల్లలకి వస్తుంది. చిత్తడి గుండా పడవలు పోయే పాయలు ఏడు. ఒక్కో పాయ గట్టున ఒక్కో రకం కూత కూసే పురుగుల బారు. పొగమంచు దిగిందంటే పడవవాడికి తన చెయ్యి తనకి కనపడదు. చెవులతోనే దారి వెతుక్కోవాలి. మూడో పాయది సన్నటి కీచు. నాలుగోది బుంగ నిండుతున్న చప్పుడు. ఐదోది రెండు పొట్టి ఊదులు, ఒక పొడుగు ఊదు. పురుగు బతికేది ఏడాదే. బయటి రొద కలవకుండా ఏటా కొత్త పిల్లలకి కూత నేర్పాలి. ఆ పని పాయ కాపరిది. గుడ్లు పగిలే మూడు రోజులూ గుంట పక్కన చెక్క మీద కూర్చుని ఆగకుండా బూర ఊదాలి.

కాపరికి బూరే పరువు. తప్పు చేస్తే రేవు బండ మీద అందరి ముందూ ఆ బూర విరగ్గొడతారు. మచ్చ లేకుండా కొలువు ముగిస్తే రేవు సంఘం వారి గోడకి తగిలిస్తారు. ఒకసారి గోడ ఎక్కిన బూరని మళ్ళీ ఎవరూ దించకూడదు, దాని యజమాని మీద ఏ తప్పూ మోపకూడదు. కాపరులందరి మీదా ఒక అధికారి ఉంటాడు. ఆ పదవి పేరు పెద్దచెవి. ఆయన చెవులు మామూలువే.

బూరక్క అన్న ఐదో పాయ కాపరి. తల్లీ తండ్రీ లేని చెల్లెల్ని తనే పెంచాడు, ఏడో ఏట గుంట పక్కన కూర్చోబెట్టి బూర చేతికిచ్చాడు. ఆమె ఊదితే బుగ్గలు రెండూ బుంగల్లా అయ్యేవి. బూరక్క అనే పేరు ఆమెకి అప్పుడే స్థిరపడింది.

ఆ ఏడాది గుడ్లు పగిలే రెండో రోజు. అన్న పెదాలు చిట్లి నెత్తురు కారుతోంది. మధ్యాహ్నం పెద్దచెవి తనిఖీకి వచ్చాడు.

"ఏరా, మొహం అలా పీక్కుపోయిందేం? పోయి నాలుగు ముద్దలు తిని, ఓ కునుకు తీసి రా. నేను ఊదుతాలే."

"మీరెందుకండీ అయ్యగారూ..."

"పోరా అంటే. నేనూ ఒకప్పుడు కాపరినేగా."

అన్న రెండు గంటల్లో తిరిగొచ్చాడు. పెద్దచెవి నిటారుగా కూర్చుని, బూర నోట్లో పెట్టుకుని, తేట మొహంతో ఉన్నాడు. గుంటలో గుడ్లన్నీ పగిలి ఉన్నాయి. "అంతా సవ్యంగా ఉంది" అని ఆయన లేచి పోయాడు.

పిల్ల పురుగుల డిప్పలు గట్టిపడటానికి నలభై రోజులు పడుతుంది. అప్పటిదాకా అవి మూగవి. ఆలోగా పాత పురుగుల ఏడాదీ నిండిపోతుంది. నలభయ్యో రోజు పొద్దున్నే పొగమంచు దిగింది. జమ్ము కోసేవాళ్ళ పడవ ఒకటి ఐదుగురితో బయల్దేరింది. ఇద్దరే ఒడ్డుకొచ్చారు. పడవ నడిపినవాడు వణుక్కుంటూ చెప్పాడు: "ఐదో పాయ వైపు మనిషెవరో పడుకుని గురక పెడుతున్నట్టు వినపడింది. ఊబి గాలి వదిలితే అలాగే ఉంటుంది కదా. అటు ఊబి ఉందనుకుని ఇటు తిప్పాను. ఇటే ఉంది ఊబి."

మంచు విడిచాక ఊరంతా ఐదో పాయ గట్టుకి పోయింది. వేల పురుగులు ఒక్క పెట్టున గురక పెడుతున్నాయి. గుర్ర్ర్... ఒక్క క్షణం నిశ్శబ్దం... పుస్స్స్... ఆపైన పెదాలు చప్పరించినట్టు టప్. మళ్ళీ గుర్ర్ర్. ముగ్గురు మునిగిన చోట నవ్వు రావడం తప్పే. అయినా కొందరికి వచ్చింది.

కాపరి గుంట పక్కన నిద్రపోయాడన్నది పిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి. ఏ కాపరి అన్నదొక్కటే తేలాలి. అన్న విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెద్దచెవి తల ఊపుతూ విన్నాడు, జాలిగా నవ్వాడు. "ఆ మధ్యాహ్నం నేను ఆరో పాయ దగ్గర ఉన్నాను. పాపం, భయంతో ఏదో అంటున్నాడు. నేను కక్ష పెట్టుకునే మనిషిని కాను" అన్నాడు. తర్వాత అన్న పెళ్ళాన్ని పిలిచాడు.

"అమ్మా, అబద్ధం చెప్పకు. నీ మొగుడు గురక పెడతాడా?"

వదిన అబద్ధం చేతకాని మనిషి. "పెడతాడండీ" అంది. "అంటే, అలిసిపోయిన రోజున..."

సభలో గొల్లుమని నవ్వారు. ఆ తర్వాత ఆమె ఏం చెప్పబోయిందో ఎవరికీ వినపడలేదు. సాయంత్రం లోపే అన్న బూర బండ మీద రెండు ముక్కలైంది. అదే పూట పెద్దచెవి ఐదో పాయ గట్టుకి పొగ పెట్టించి, గురక పురుగులన్నిటినీ చంపించాడు. పొగ వెయ్యడానికి ముందు బూరక్క పదకొండు పురుగుల్ని కొంగున మూటగట్టి తెచ్చింది. ఎందుకో అప్పటికి ఆమెకీ తెలియదు. ఇంట్లో దొంగతనం జరిగితే విరిగిన గడియని దాచిపెట్టుకునేవాళ్ళు ఉంటారు చూడండి, అలాంటి బుద్ధి అనుకోవచ్చు.

తెలిసింది వారం తర్వాత. పురుగుల కూత ఎవరిదో తేల్చడానికి తడిగుడ్డ పరీక్ష అని ఒకటుంది. బుట్ట మీద తడిగుడ్డ కప్పితే పురుగులు నోరు మూసుకుంటాయి. అప్పుడు పక్కన బూర ఊదితే, అది తమ కూతే అయితే మాత్రం ఉండబట్టలేక మారుకూత కూస్తాయి. పరాయి కూతకి ఉలకవు, పలకవు. అన్న నిద్రపోతుంటే బూరక్క తడిగుడ్డ కప్పిన కుండ తెచ్చి మంచం పక్కన పెట్టింది. అన్న గురక పెట్టాడు. కుండలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

పరుగున పోయి పెద్దచెవికే చెప్పింది. ఫిర్యాదు ఏదైనా ఆయన ద్వారానే సంఘానికి పోవాలి మరి. కంచే చేను మేసేచోట పద్ధతులు ఇలాగే ఉంటాయి.

ఆయన నింపాదిగా విన్నాడు. "మీ అన్నది కాదని తేలితే చాలదమ్మాయ్. ఎవరిదో తేలాలి. అది రూలు. అయినా పురుగుల్ని ఇంట్లో ఉంచడం నేరం తెలుసా? ఆడపిల్లవి కాబట్టి వదిలేస్తున్నా. పారబోసెయ్."

"అలాగేనండి" అంది బూరక్క. మర్నాడు వచ్చి, "పారబోశానండి" అంది. అబద్ధం చేతకాకపోవడం ఆ ఇంట్లో ఒక్కరికి చాలని ఆమె అప్పటికే నిశ్చయించుకుంది.

అన్న ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. రేవులో బురద ఎత్తే పని చేశాడు. పిల్లలు వెనకాల చేరి "గురకయ్యా, గురకయ్యా" అని అరిచేవాళ్ళు. నలుగురిలో కన్ను మూయడానికి భయపడేవాడు. చివరికి ఛాతీలో బురద చేరినట్టు ఆయాసపడి, మంచం పట్టి, పోయాడు. చావు కబురు విని ఒకాయన, "ఇప్పటికి హాయిగా నిద్రపోయాడు" అన్నాడు. ఓదార్పుగా అన్నానని ఆయన అనుకుని ఉంటాడు. బూరక్క ఆయన మొహం కూడా గుర్తుపెట్టుకుంది.

అన్న పోయిన నెలకి ఆమె పెద్దచెవి ఆఫీసుకి పోయి కొలువు అడిగింది.

ఊరు ముక్కున వేలేసుకుంది. తోడబుట్టినవాడి బూర విరగ్గొట్టించినవాడి కిందే ఊడిగమా? సిగ్గూ శరమూ ఉండక్కర్లేదా? పెద్దచెవికి మాత్రం అడగని వరం దొరికింది. ఐదో పాయే ఇచ్చాడు. ఆ తర్వాత ఏ సభకెళ్ళినా ఆమెని చూపించి, "చూశారా, నేను కక్ష పెట్టుకునే మనిషిని కాను" అనేవాడు. అన్నప్పుడల్లా బూరక్క చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడేది. అలా తల వంచి ఓరకంట చూస్తే ఆయన కళ్ళ కింద ఉబ్బు ఏ పాటి ఉందో బాగా కనిపించేది.

ఆమెకి కావలసింది ఒక్కటే. ఆయన పదిమందిలో, ఆమె కుండ పక్కన, ఒక్కసారి గురక పెట్టాలి. కానీ తేలు కుట్టిన దొంగకి తేలు సంగతి తెలుసు. ఆయన ఇంటి బయట రెప్ప వాల్చేవాడు కాదు. విందు ముగియకముందే లేచేవాడు. పడవలో నిలబడి ప్రయాణం చేసేవాడు. జ్వరం వస్తే ఇంటికి పోయి తలుపేసుకునేవాడు. ఊరు దాన్ని కార్యదీక్ష అనుకుంది. దొంగ జాగ్రత్తకి, కార్యదీక్షకి తేడా కనిపెట్టే పరీక్ష ఏదీ ఆ ఊళ్ళో లేదు.

ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు. వదిన, ఆడపడుచు. పగవాడు ఆఫీసులో ఒకడున్నా, రోజూ కంటికెదురుగా ఉన్న మనిషి వదినే. ఆ "పెడతాడండీ" అన్న ఒక్క మాటని బూరక్క మర్చిపోలేదు. వదిన నోట ఎప్పుడూ ఒకటే మాట, పోనీలే. పాలు విరిగితే పోనీలే. చూరు కారితే పోనీలే. బూరక్కకి ఆ మాట చెవిలో జోరీగ.

కుండలో పురుగులు పట్టపగలు గురక పెట్టేవి. రోజంతా తడిగుడ్డ కప్పి ఉంచితే చస్తాయి. చుట్టూ గడ్డి కూరినా చప్పుడు పక్కింటిదాకా పోయేది. ఒకరోజు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏంటమ్మా మీ ఇంట్లో ఆ గురక? పొద్దెక్కినా ఎవరు పడుకున్నారు?"

"ఇంకెవరు, మా వదిన" అంది బూరక్క, బట్టలు ఆరేసుకుంటూ.

వదిన లోపల్నుంచి వచ్చేసరికి పక్కింటావిడ వెళ్ళిపోయింది. "ఏమే, నా పరువు అలా తీస్తావా? ఊరంతా నేను పగలు పడుకుని గుర్రుపెడుతున్నాననుకుంటోంది."

"మా అన్నని ఊరంతా అలాగే అనుకుంది వదినా. నీ మాట వినే అనుకుంది."

వదిన నోరు తెరిచింది. పోనీలే అనడానికి కూడా ధైర్యం చాలక మూసుకుంది.

ఇంటి వెచ్చదనానికి కుండలో గుడ్లు గట్టు మీదవాటి కన్నా వారం ముందే పగిలేవి. ఏటా ఆ మూడు రోజులు ఇంట్లో గిన్నె కదలకూడదు. పొయ్యి వెలిగించరు. ఇద్దరూ చల్లటివే తిని, చేతులతో సైగలు చేసుకుంటూ కూర్చునేవాళ్ళు. కుండలో పెద్ద పురుగులు గుర్ర్ర్ అంటుంటే, పిల్లలు అది విని అదే పట్టుకోవాలి. మధ్యలో ఇంకో చప్పుడు దూరిందా, వంశం చెడినట్టే. ఒక ఏడాది వదిన తుమ్మింది. ముక్కు నులుముకుంది, కొంగు కుక్కుకుంది, చివరికి తుమ్మేసింది. నలభై రోజుల తర్వాత పిల్లల్లో పదోవంతు తుమ్మాయి. బూరక్క వాటిని ఒక్కొక్కటే ఏరి పారేస్తూ ఆ పూటంతా వదినతో మాట్లాడలేదు. వదిన ఒక మూల కూర్చుని, "ఒక్క తుమ్మేగా అమ్మాయ్, హాచ్చి అని ఎంత ముద్దుగా ఉన్నాయో" అంది. బూరక్కకి నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చి, ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు.

తొమ్మిదో ఏడు పెద్దచెవి కొలువు ముగిసే వేళయింది. సన్మాన సభ. సభ చివర ఆయన బూరని గోడకి తగిలిస్తారు. తగిలించాక ఇక అంతే. అన్న గురకయ్యగానే మిగిలిపోతాడు. ఆమె దగ్గర మిగిలింది ఒక్క మధ్యాహ్నం.

సభ ఏర్పాట్లు బూరక్కే నెత్తిన వేసుకుంది. "పాపం, ఎంత కృతజ్ఞత!" అన్నారు జనం. ఆమె మధ్యాహ్నం భోజనం తర్వాత సభ పెట్టించింది. భోజనంలో ఏ లోటూ రానివ్వలేదు. పెద్దచెవికి కుర్చీ వెతకడానికి ఊరంతా తిరిగి, చేతులకీ వీపుకీ మెత్తలున్నది పట్టుకొచ్చింది. గాలి ఎక్కువైతే కాగితాలు ఎగురుతాయని కిటికీలు మూయించింది. ఇక మిగిలింది వక్త.

ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన మాట్లాడతానంటే ఏడేళ్ళుగా ఏ సభవాళ్ళూ ఒప్పుకోలేదు. చివరిసారి మాట్లాడినప్పుడు సంఘం గుమాస్తా కుర్చీలోంచి జారి కింద పడ్డాడు. బూరక్క ఆయన ఇంటికి పోయి నమస్కారం పెట్టింది.

"మాస్టారూ, ముఖ్యోపన్యాసం మీరే ఇవ్వాలి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనా? ఎంతసేపు మాట్లాడమంటావమ్మా?"

"మీ ఇష్టం మాస్టారూ. మీకు అడ్డు చెప్పేదెవరు?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చిత్తడి పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టనా?"

"అంతకుముందు ఏదైనా ఉంటే అక్కడ్నుంచే మొదలుపెట్టండి."

సభనాడు హాలు నిండిపోయింది. సంఘం అధ్యక్షురాలు రేవులో పడవలు కట్టించే ముసలామె, మొహమాటం లేని మనిషి. ఆమె పక్కన మెత్తటి కుర్చీలో పెద్దచెవి. వేదిక కిందే ముందు వరసలో ఆయన భార్య. ఆమె పక్కన ఖాళీ కుర్చీ మీద బూరక్క ఒక బుట్ట పెట్టింది, మీద తడిగుడ్డ. "పూలు వాడిపోతాయని" అంది ఎవరో అడిగితే. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

మొదటి గంట చిత్తడి పుట్టింది. రెండో గంటలో జమ్ము మొలిచింది. వెనక వరసల్లో తలలు ఒరిగాయి. వేదిక మీద పెద్దచెవికి అటు పక్కన కూర్చున్న ముసలి కాపరి గడ్డం గుండెకి ఆనించి, గుర్రున గురక లంకించుకున్నాడు. బూరక్క చూపు బుట్ట మీదికి పోయింది. ఒక్క పురుగు తొందరపడి కూసినా బుట్ట బయటపడుతుంది, సభ చెదురుతుంది. బుట్టలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. అది పరాయి గురక.

పెద్దచెవి తొడ గిల్లుకుంటున్నాడు. కళ్ళు బలవంతంగా తెరుస్తున్నాడు. మాస్టారు అప్పుడే పొగడ్తల్లోకి దిగాడు. "మన పెద్దచెవి గారు తొమ్మిదేళ్ళుగా ఇంటి బయట రెప్ప వాల్చిన మనిషి కారు. అటువంటి జాగరూకత, అటువంటి మెలకువ, అటువంటి..." అంటూ ఆ వాక్యాన్ని ముగించడం మర్చిపోయి, ఇంకో వాక్యంలోకి పోయాడు. పెద్దచెవి తల ఒకసారి ముందుకి ఊగింది. లేచింది. మళ్ళీ ఊగింది. మెత్త మీదికి వాలింది.

గుర్ర్ర్... పుస్స్స్... టప్.

బుట్టలోంచి, తడిగుడ్డ కిందనుంచి, మూడు వందల పురుగులు ఒక్కసారిగా: గుర్ర్ర్... పుస్స్స్... టప్.

మాస్టారు ఆగిపోయాడు. హాలంతా మేలుకుంది. మేలుకోనివాళ్ళు ఇద్దరు. పెద్దచెవి ఒకరు. బుట్ట పక్క కుర్చీలో కునికిపాట్లు పడుతున్న ఆయన భార్య ఇంకొకరు. ఆమె కళ్ళు తెరవకుండానే, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, చెయ్యి చాచి బుట్టని ఒక్క పోటు పొడిచింది.

"ఏవండీ, అటు తిరిగి పడుకోండి" అంది. "వెధవ గురక."

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. ఐదో పాయ గట్టున ఆ రోజు నిలబడ్డవాళ్ళు సగం మంది ఆ హాల్లోనే ఉన్నారు. ఆ 'టప్' వాళ్ళకి గుర్తుంది. మునిగినవాళ్ళలో ఒకడి తల్లి లేచి నిలబడింది.

పెద్దచెవి ఉలిక్కిపడి లేచాడు. బుట్ట చూశాడు, భార్యని చూశాడు, చిట్టచివరికి బూరక్కని చూశాడు. "ఇది నేర్పింది! ఇంట్లో పెట్టుకుని నా గురక వాటికి నేర్పింది!"

"ఎక్కడ విని నేర్పిందండీ?" అంది అధ్యక్షురాలు. "తొమ్మిదేళ్ళుగా మీరు బయట రెప్ప వాల్చలేదని మాస్టారు ఇప్పుడేగా చెప్పారు. మీరూ కాదనలేదే."

ఆయన భార్య పూర్తిగా మేలుకుని బిత్తరపోయి చూస్తోంది. అధ్యక్షురాలు ఆమె వైపు తిరిగింది. "అమ్మా, బుట్టలోది ఎవరి గురక?"

ఆవిడ మొగుడి మొహం చూసింది. తర్వాత లేచి నిలబడ్డ ఆ తల్లి మొహం చూసింది. "ఆయనదే" అంది. "నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది."

పగ తీరాక మిగిలేది బూడిదేనని పెద్దలు రాస్తుంటారు. ఆ క్షణాన బూరక్క ఒళ్ళంతా మంచి ఆకలి మీద భోజనం చేసినట్టుంది. ఆమె తల వంచలేదు. పెద్దచెవి కళ్ళలోకి తృప్తిగా, తొందర లేకుండా చూసింది. ఆయన తల దించుకునేదాకా చూసింది.

గోడకి ఎక్కాల్సిన బూరని రేవు బండ దగ్గరికి తీసుకుపోయారు. ఊరంతా వెనకాల నడిచింది. బండ దగ్గర అధ్యక్షురాలు బూర చేతిలో పట్టుకుని, ఆనవాయితీ గుర్తు చేసింది: అన్యాయంగా బూర పోగొట్టుకున్నవాడు లేకపోతే, అతనికి అందరికన్నా దగ్గరి మనిషి విరవాలి. బూరక్క ఒక అడుగు ముందుకేసింది.

"నువ్వు కాదమ్మా. పెళ్ళాం ఉండగా చెల్లెలు కాదు. మీ వదిన ఏదీ?"

బూరక్క కాళ్ళ కింద నేల ఊబి అయింది. తొమ్మిదేళ్ళు. తొమ్మిది తరాల పురుగులు. ఇప్పుడు ఆఖరి పని వదిన చేతిలోనా! జనంలోంచి వదిన మెల్లగా వచ్చింది. బూరని రెండు చేతులతో తీసుకుంది, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు. పెద్దచెవి ఆమె ముందుకొచ్చి చేతులు జోడించి ఏదో అన్నాడు.

వదిన పెదాలు కదిలాయి. ఆ పెదాలు ఏ మాట అంటాయో బూరక్కకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కళ్ళు మూసుకుంది.

"ఏంటండీ? వినపళ్ళేదు" అంది వదిన. "గట్టిగా చెప్పండి. పురుగుల రొద."

ఆయన ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

"ఇంకా గట్టిగా. రేవు చివరదాకా వినపడాలి."

"క్షమించమ్మా!" అని అరిచాడు ఆయన. ఊరంతా విన్నది.

వదిన బూరని ఎత్తి బండ మీద కొట్టింది. అది యాభై ఏళ్ళ నల్ల కర్ర. విరగలేదు. ఇంకోసారి కొట్టింది. పగులు పట్టింది. "ఏమే, అలా చూస్తావేం? ఆ చివర పట్టుకో" అంది. బూరక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి బండ అంచున పెట్టి ఒక్క ఊపు ఊపారు. బూర ఫెళ్ళున రెండైంది.

"అయిపోయింది. నీళ్ళలో వేసెయ్యండమ్మా" అంది అధ్యక్షురాలు.

వదిన నీళ్ళలో వెయ్యలేదు. ఒక ముక్క బండ మీద ఆనించి, పైన మోకాలు వేసి, రెండు చేసింది. రెండోది తీసుకుంది.

"చాలమ్మా. రెండు ముక్కలు చాలు. ఆనవాయితీ అంతే."

"ఆనవాయితీకి చాలేమో" అంది వదిన, తల ఎత్తకుండా. నాలుగైంది. అరచేతిలో పేడు గుచ్చుకుని నెత్తురొచ్చింది. తుడుచుకోలేదు. పక్కనే ఉన్న రాయి తీసుకుని ముక్కల్ని దంచడం మొదలుపెట్టింది. పెద్దచెవి అక్కడే నిలబడి ఉన్నాడు. కదిలి వెళ్ళడానికి ఎవరూ దారి ఇవ్వలేదు. రాయి దెబ్బలు, వెనకాల ఏడు పాయల రొద.

'చాల్లే వదినా' అన్న మాట బూరక్క నోటి చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది. కింద దొర్లిపోయిన ముక్క ఒకటి వంగి తీసి, వదిన చేతికి అందించింది.